జపాన్ కొండపల్లెలకి ఎప్పుడు వెళ్ళాలి? నెల కన్నా ఎత్తు ముఖ్యం

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి నలుగురు వస్తున్నారు. అమ్మగారికి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారం. బాబుకి ఎనిమిదేళ్ళు. టోక్యో, క్యోటోతో పాటు ఒక పాత కొండపల్లె కూడా చూడాలి. ఆకులు రంగు మారే దీపావళి రోజుల్లో రావాలా, మంచు కోసం ఫిబ్రవరిలో రావాలా? షిరకావాగో అనే ఆ పల్లెకి కనజావా నగరం నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే సరిపోతుందా? కారు అద్దెకు తీసుకోవాలా? డ్రోన్ తెచ్చుకోవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. నవంబరు మొదటి వారంలో రండి, ఒక రాత్రి పల్లెలోనే ఉండండి, కారు వద్దు, బస్సు చాలు. నేను నగోయాలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఆ కొండలు చూపించే డ్యూటీ నాదే కాబట్టి అన్ని కాలాల్లోనూ వెళ్ళాను, అన్ని రకాల తప్పులూ చేశాను. ఇక ఎందుకు అలా అంటున్నానో చెప్తాను.

అందరూ "ఏ నెల బాగుంటుంది" అని అడుగుతారు. ఇక్కడ నెలతో పాటు ఎత్తు కూడా చూసుకోవాలి. శరదృతువు కొండ మీద మొదలై కిందికి దిగుతుంది. 2,702 మీటర్ల ఎత్తున్న నొరికురా పర్వతం మీది తతమిదైరా దగ్గర సెప్టెంబరు చివరికే ఆకులు ఎర్రబడతాయి. 1,500 మీటర్లున్న కమికోచిలో అక్టోబరు రెండో సగం. 500 మీటర్ల షిరకావాగోలో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. అంతకన్నా కొంచెం కిందున్న కిసో లోయలోని త్సుమాగోలో ఇంకో వారం ఆలస్యం. మా నగోయా పక్కనున్న కొరాంకె, ఆ తర్వాత క్యోటో, నవంబరు చివరికి గానీ రంగెక్కవు. వసంతంలో ఇదే తిరగబడుతుంది. నగోయాలో మార్చి చివర పూసిన చెర్రీ పూలు కొండల మధ్య పట్నమైన తకయామాకి ఏప్రిల్ నడిమికి ఎక్కుతాయి, షిరకావాగోలో ఏప్రిల్ 20 దాటాక పూస్తాయి. దీని వల్ల లాభమేమిటంటే, మీ సెలవుల తేదీలు మార్చుకోలేకపోయినా ఊరు మార్చుకోవచ్చు. "ఆకులన్నీ రాలిపోయాయండీ, ఆలస్యంగా వచ్చారు" అని ఎవరైనా అంటే రెండొందల మీటర్లు కిందికి దిగండి, అక్కడ ఇంకా ఉంటాయి.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రోహిణి కార్తె, మృగశిర కార్తె అంటూ ఏడాదిని 27 ముక్కలు చేసుకొని పొలం పనులు చేసుకున్నవాళ్ళం. వీళ్ళ పాత పంచాంగం ఇంకా సన్నగా తరుగుతుంది. ఏడాదికి 24 భాగాలు, ఒక్కో భాగానికి మళ్ళీ మూడు, మొత్తం 72. ఒక్కోటి అయిదు రోజులు. నవంబరు 2 నుంచి 6 దాకా నడిచే ముక్కకి పేరే "మేపుల్ ఆకులు, పాకే తీగలు పసుపెక్కే వేళ". దానికి ముందుది "సన్నని జల్లు అప్పుడప్పుడూ పడే వేళ". ఈ రెండో పేరు గుర్తుపెట్టుకొని గొడుగు తెచ్చుకోండి. ఎండ కాస్తూనే ఉంటుంది, ఉన్నట్టుండి కొండ వెనక నుంచి పది నిమిషాల జల్లు వచ్చి వెళ్ళిపోతుంది. దాన్ని షిగురె అంటారు.

ఇంతకీ నవంబరు మొదటి వారమే ఎందుకు అంటున్నానంటే, ఆకుల కోసం కాదు. ఆకులే కావాలంటే క్యోటోలో గుళ్ళ దగ్గర ఇంతకన్నా బాగుంటాయి. ఆ వారంలో ఊరు చలికాలానికి సిద్ధమవుతూ ఉంటుంది. ఆ పనులు చూడటానికే రమ్మంటున్నాను. ఫోటోల్లో ఎప్పుడూ రెండే కనిపిస్తాయి, మంచు కప్పిన ఇల్లు లేదా పచ్చటి పొలం పక్కన ఇల్లు. ఒక దాని నుంచి ఇంకో దానికి ఊరు ఎలా మారుతుందో ఎవరూ చూపించరు.

ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే అక్కడ ఏం చూస్తున్నామో తెలియదు. షిరకావాగోలో అందరూ వెళ్ళే ఊరు ఒగిమాచి. పక్క జిల్లాలో గొకయామాలోని ఐనొకురా, సుగనుమా అనే రెండు చిన్న ఊళ్ళతో కలిపి 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇళ్ళని గాస్షో-జుకురి అంటారు, అంటే చేతులు జోడించినట్టు కట్టినవి. మనం నమస్కారం పెట్టేటప్పుడు చేతులు ఎలా ఉంటాయో కప్పు అలా ఉంటుంది. దాదాపు 60 డిగ్రీల వాలు. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ ఎత్తుకొని ఈ కొండలకి కొట్టుకుంటుంది, ఆ తేమంతా మంచై ఇక్కడే పడుతుంది. మనిషెత్తు పేరుకోవడం వింతేమీ కాదు. వాలు తక్కువైతే ఆ బరువుకి కప్పు కూలిపోతుంది.

కప్పులో ఒక్క మేకు ఉండదు. వాసాలనీ అడ్డకర్రలనీ గడ్డితాళ్ళతో, నెసొ అనే లేత కొమ్మలతో కడతారు. ఆ కొమ్మని పచ్చిగా ఉన్నప్పుడే మెలిపెట్టి కడితే ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. ఈసారి అటక మీదికి ఎక్కినప్పుడు వాసాల అడుగు భాగం చూడండి. చెక్కిన పెన్సిల్ మొనలా సన్నగా ఉండి, దూలంలో తొలిచిన గుంటలో ఊరికే ఆని ఉంటుంది. గాలి వచ్చినా, మంచు ఒక పక్కే ఎక్కువ పడినా కప్పు ఆ గుంటలో కొంచెం కదులుతుంది, విరగదు. మా నాన్నది వడ్రంగం తెలిసిన చెయ్యి. ఆయన ఆ గుంటలో వేలు పెట్టి చూసి, గైడ్ ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, మిగతా గంటంతా అక్కడే నిలబడ్డారు.

ఒగిమాచిలో ఇళ్ళన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉండటం కూడా గమనించండి. త్రికోణం గోడలు ఉత్తరం, దక్షిణం వైపు, కప్పు వాలులు తూర్పు, పడమర వైపు. లోయలో గాలి ఉత్తర దక్షిణాలుగా వీస్తుంది కాబట్టి దానికి వాలు తగలదు. పొద్దుటి ఎండ ఒక వాలుకి, సాయంత్రపు ఎండ ఇంకో వాలుకి పడి రెండూ ఆరతాయి.

కప్పు మీద గడ్డి కయా అంటారు, మన రెల్లుగడ్డికి దగ్గరి చుట్టం. 30, 40 ఏళ్ళకోసారి మొత్తం తీసి కొత్తది వేయాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఊరంతా వస్తుంది, వందా రెండొందల మంది కప్పు మీదికెక్కి ఒకటి రెండు రోజుల్లో ఒక వాలు ముగించేస్తారు. దీన్ని యుయి అంటారు. మన ఊళ్ళో నాట్లప్పుడు బదులు పనికి వెళ్ళేవాళ్ళం చూడండి, ఇవాళ నీ చేను, రేపు నా చేను, కూలి డబ్బుల్లేవు. అచ్చం అదే. ఈ రోజుల్లో ఊరి జనం చాలక నిపుణులకి ఇచ్చి చేయించేవి, బయటి నుంచి వాలంటీర్లు వచ్చేవి ఎక్కువయ్యాయి. కప్పు వేసేది సాధారణంగా వసంతంలో, కాని దానికి కావాల్సిన గడ్డి కోసేది మాత్రం ఈ శరదృతువు చివరే. కోసిన గడ్డిని మోపులు కట్టి నిలబెట్టడం మీకు కనిపిస్తుంది.

నవంబరులో చేసే ఇంకో పని యుకిగకొయి, మంచు తడిక కట్టడం. కప్పు మీద నుంచి జారిపడే మంచు గోడల్నీ తలుపుల్నీ నలగ్గొట్టకుండా చూరు కింద చుట్టూ గడ్డి తడికలో చెక్క పలకలో బిగిస్తారు. తోటల్లో చిన్న మొక్కలకి కూడా గడ్డి కట్టి గుడారాలు వేస్తారు. కనజావాలో ఆగితే కెన్‌రొకుయెన్ తోటలో దీనికి షోకు రూపం చూడొచ్చు. నవంబరు 1 నుంచి అక్కడ పైన్ చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరగకుండా నడిమి గుంజ నుంచి గొడుగు కాడల్లా తాళ్ళు కడతారు. కట్టేవాళ్ళు గుంజ మీదికెక్కి తాళ్ళు కిందికి విసురుతూ ఉంటారు. మీ బాబుకి గుడి కన్నా అదే నచ్చుతుంది, రాసిపెట్టుకోండి.

మా అమ్మ వచ్చింది కూడా సరిగ్గా ఆ వారంలోనే. మేము దిగిన ఇంట్లో డెబ్భై దాటిన ఒక మామ్మ చూరు కింద కూర్చొని పండని పెర్సిమన్ పళ్ళకి (ఇక్కడ వాటిని కాకి అంటారు) తొక్క తీస్తోంది. ఆ రకం వగరు, నోట్లో పెట్టుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. తొక్క తీసి నెల పైన వేలాడదీస్తే వగరు పోయి తేనెలా అవుతాయి. కాయ తెంపేటప్పుడే తొడిమతో పాటు చిన్న అడ్డపుల్ల ఉండేలా కత్తిరిస్తారు, ఆ పుల్లకి తాడు ముడేస్తారు. మా అమ్మకి జపనీస్ ఒక్క ముక్క రాదు. రెండు నిమిషాలు చూసి "వరుగులు పెడుతున్నార్రా" అంది. బ్యాగ్ నా చేతికిచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ ఒక చాకు ఇచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ రెండు తాళ్ళు నింపారు. ఊరు చూద్దాం రా అంటే రాలేదు. వారసత్వ సంపద చూడటానికి అంత దూరం నుంచి వచ్చి చూరు కింద కూర్చుంది అని అప్పుడు విసుక్కున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తే చూసినట్టే అవుతుంది, నేను కాదనను. కాని ఆ ఊరి లెక్క ఒకసారి చూడండి. షిరకావా గ్రామం మొత్తం జనాభా 1,500 పైచిలుకు. ఏడాదికి వచ్చేవాళ్ళు 15 లక్షలకి పైన. అందులో చాలా మంది పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య, ఒకే వీధిలో, చేతిలో ఐస్‌క్రీమ్‌తో ఉంటారు. నవంబరు 3 జపాన్‌లో సెలవు, ఆ రోజూ దాని పక్క శని ఆదివారాలూ వెళ్ళారంటే శిల్పారామంలో సంక్రాంతి జనమే. నాలుగున్నర దాటాక బస్సులు వెళ్ళిపోతాయి. అయిదింటికి చీకటి పడుతుంది. అప్పుడు ఆ ఊరు ఊరిలా ఉంటుంది. కాలువలో నీళ్ళ చప్పుడు వినపడుతుంది. గడ్డి కాలిన వాసన, కట్టెల పొగ వాసన తెలుస్తాయి. పొద్దున ఆరున్నరకి లేస్తే పొలాల మీద పొగమంచు, వీధిలో స్కూలు పిల్లలు, మీరు.

రాత్రి ఉండేది మిన్షుకులో, అంటే ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే చోటు. రెండు పూటల భోజనంతో ఒక్కొక్కరికి 15,000 యెన్‌లు అటూ ఇటూ అనుకోండి, సీజన్లో పైకే వెళ్తుంది. నాలుగైదు గదులకి మించి ఉండవు కాబట్టి మూడు నెలల ముందే అడగాలి. గదుల మధ్య గోడలుండవు, కాగితపు తలుపులే. పక్కవాళ్ళు గురక పెడితే మీకూ వాటా వస్తుంది. భోజనం ఆరింటికి అంటే ఆరింటికే, ఆరున్నరకి వస్తే అది మర్యాద కాదు. స్నానం ఒక్కో కుటుంబం వంతులవారీగా. ముందు బయట ఒళ్ళు రుద్దుకొని, ఆ తర్వాత వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. తొట్టిలో సబ్బు వాడకూడదు, మీ తర్వాత వచ్చేవాళ్ళూ ఆ నీళ్ళలోనే దిగాలి. పడక చాప మీద పరుపు. అమ్మగారికి కింద కూర్చొని లేవడం కష్టమైతే బుక్ చేసేటప్పుడే కుర్చీ కావాలని రాయండి, చాలా చోట్ల పొట్టి కుర్చీ ఇస్తారు.

ఇంటి నడుమ ఇరోరి ఉంటుంది, నేలలో తీసిన చదరపు పొయ్యి. ఆ పొగ చూసి "అయ్యో ఇల్లు మసిబారిపోతోంది" అనుకుంటాం. ఆ పొగే కప్పులో గడ్డికి పురుగు పట్టకుండా, తాళ్ళు కుళ్ళకుండా కాపాడేది. ఆ వేడి మీదికి పోతే అటక మీద పట్టుపురుగులు పెంచేవాళ్ళు. గొకయామాలో ఇంకో పని కూడా జరిగేది. ఇంటి నేల కింద గొయ్యి తీసి, మట్టి, పట్టుపురుగుల పెంట, అడవి మొక్కలు పొరలు పొరలుగా వేసి ఏళ్ళ తరబడి ముగ్గబెట్టి, తుపాకి మందుకి కావాల్సిన సురేకారం తీసేవాళ్ళు. కనజావాని ఏలిన కగా ప్రభువులకి అది వెళ్ళేది. కొండల్లో ఉన్న ఊరు, ఎవరికీ దారి తెలియదు, రహస్యానికి అంతకన్నా మంచి చోటేముంది. మీ బాబుకి ఈ కథ చెప్పి తీసుకెళ్తే నేలంతా వెతుకుతాడు.

గడ్డి ఇళ్ళ ఊరికి అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. అందుకే ఊరివాళ్ళు రోజూ వంతులవారీగా నిప్పు జాగ్రత్త చెప్తూ తిరుగుతారు. అక్టోబరు చివరో నవంబరు మొదట్లోనో ఒక రోజు ఊరి చుట్టూ ఉన్న నీటి ఫిరంగులన్నీ ఒకేసారి తిప్పి చూస్తారు, ఊరి మీద నీళ్ళ గుడారం వేసినట్టుంటుంది. దాని కోసం తేదీ పెట్టుకొని వెళ్ళకండి, తగిలితే మీ అదృష్టం. అది షో కాదు. 2019 నవంబరులో పార్కింగ్ దగ్గర రెండు పాకలు తగలబడినప్పుడు ఆ ఫిరంగులే పనిచేశాయి, ఇళ్ళ మీదికి మంట రాలేదు. మీరు ఆ ఊళ్ళో సిగరెట్టు కాల్చడం, బాబు చేతికి కాకరపువ్వొత్తులు ఇవ్వడం రెండూ మర్చిపోండి. దీపావళి అని చెప్పారు కాబట్టి చెప్తున్నాను.

ఫిబ్రవరి సంగతి. మంచులో ఆ ఊరు అందంగా ఉండదని ఎవరన్నా అబద్ధమే. కాని అందులో మీకు కనిపించేది అందం మాత్రమే, పని కనిపించదు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. దారి మీద మంచు పగలు కరిగి రాత్రి అద్దంలా గట్టిపడుతుంది. పైనుంచి ఊరంతా కనిపించే షిరొయామా గుట్టకి నడక దారి మంచులో మూసేస్తారు, అప్పుడు షటిల్ బస్సే గతి. తకయామాలో తెల్లవారుజామున సున్నాకి కింద అయిదు డిగ్రీలు మామూలే. దీపాలు వెలిగించే రాత్రులు జనవరి, ఫిబ్రవరిలో కొన్నే ఉంటాయి, 2019 నుంచి ముందే బుక్ చేసుకున్నవాళ్ళనే రానిస్తున్నారు. ఊరికే బస్సెక్కి వెళ్తే లాభం లేదు. ఫిబ్రవరే కుదిరితే తకయామాలో ఉండి, అక్కడి హిదా నొ సాతో అనే ఆరుబయటి మ్యూజియంలో అదే రకం ఇళ్ళు తీరిగ్గా చూసి, షిరకావాగోకి ఒక పూట వెళ్ళిరండి. చెప్పులకి తగిలించే రబ్బరు ముళ్ళ పట్టీలు అక్కడే షాపుల్లో దొరుకుతాయి. కొనండి, మొహమాటపడకండి.

కారు గురించి నా బుద్ధి తక్కువ కథ ఒకటి. వచ్చిన రెండో ఏడాది, డిసెంబరు నడిమిలో, నగోయాలో కారు అద్దెకు తీసుకొని భార్యతో బయల్దేరాను. ఎండగా ఉంది. మంచు టైర్లు కావాలని నేను అడగలేదు, ఇచ్చినవాళ్ళూ ఎక్కడికి వెళ్తున్నారని అడగలేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద హిదా సొరంగం 10 కిలోమీటర్లకి పైన ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు సన్నగా తుప్పర, వైపర్లు కూడా వేయలేదు. పది నిమిషాల తర్వాత బయటికొస్తే తెల్లటి గోడ. రోడ్డు, కొండ, ఆకాశం అన్నీ ఒకటే రంగు. బ్రేకు నొక్కితే కారు నా మాట వినకుండా పక్కకి జరగడం మొదలెట్టింది. అప్పుడు నాకొచ్చిన టెన్షన్ చెప్పలేను. షిరకావాగో ఎగ్జిట్ దాకా ఇరవై స్పీడులో పాకి, అక్కడ దిగి, కారు వదిలేసి, రెండు రోజుల తర్వాత మంచు తగ్గాక బస్సులో వచ్చి తీసుకెళ్ళాను. రెండు రోజుల అద్దె, పార్కింగ్, ఇంట్లో మాటలు అన్నీ కలిపితే మంచు టైర్ల ఖర్చు ఎన్నో రెట్లు దాటింది. నవంబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి దాకా ఆ కొండల్లో కారు అంటే మంచు టైర్లు తప్పనిసరి అనుకోండి. మీరు చెప్పిన తేదీల్లో మంచు రావడం అరుదే, కాని నలుగురికి బస్సే హాయి.

బస్సులు కనజావా నుంచి గంటా పావు, తకయామా నుంచి 50 నిమిషాలు. కాబట్టి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళకండి. టోక్యో నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో కనజావా రెండున్నర గంటలు. అక్కడ ఒక రాత్రి, తోట చూడండి. మర్నాడు మధ్యాహ్నం బస్సులో షిరకావాగో, ఆ రాత్రి అక్కడే. మూడో రోజు పొద్దున పదింటికి, జనం దిగుతున్నప్పుడు మీరు ఎక్కండి, తకయామా. అక్కడి నుంచి హిదా ఎక్స్‌ప్రెస్‌లో నగోయా రెండున్నర గంటలు, ఆ పైన క్యోటో. పెద్ద సూట్‌కేసులు మాత్రం కనజావా హోటల్ నుంచే తక్యుబిన్‌లో, అంటే ఇక్కడి కొరియర్‌లో, క్యోటో హోటల్‌కి పంపేయండి, కౌంటర్‌లో అడిగితే వాళ్ళే చేస్తారు. మిన్షుకులో నాలుగు పెద్ద పెట్టెలతో దిగితే పడుకోవడానికి మీకు చోటుండదు. ఇంకో మాట, అందరూ చెప్పే ఏడు రోజుల రైల్ పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్‌లు అయింది. ఈ రూటుకి అది దండగ, పైగా ఈ బస్సులకి చెల్లదు.

జనం నచ్చని మనిషైతే ఒగిమాచి బదులు ఐనొకురాలో ఉండమంటాను. 20 గాస్షో ఇళ్ళు, కొండ వాలు మీద పొలాలు, దుకాణాలు దాదాపు లేవు. అమ్మగారికి మాత్రం బస్సు స్టాపు నుంచి ఎక్కుడు ఇబ్బంది, అందుకే మీకు ఒగిమాచి చెప్పాను. నడిచే ఓపికున్న వాళ్ళకి కిసో లోయ. పాతకాలంలో క్యోటో నుంచి ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో) వెళ్ళే నకసెండో దారిలో మగోమె నుంచి త్సుమాగోకి 8 కిలోమీటర్లు, రాళ్ళు పరిచిన అడవి బాట, మూడు గంటలు. మగోమెలో మొదలెడితే ఎక్కుడు తక్కువ. దారిలో గంటలు వేలాడదీసి ఉంటాయి, ఎలుగుబంట్లు దగ్గర్లో ఉంటే పక్కకి పోవడానికి మోగించుకుంటూ వెళ్ళాలి. పిల్లలకి సరదాగా ఉంటుంది గాని అది సరదాకి పెట్టింది కాదు. శరదృతువులో అవి తిండికి కిందికి దిగుతాయి, ఊరి అంచుల్లో కూడా తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఒంటరిగా తిరగొద్దు. త్సుమాగోవాళ్ళు 1971లోనే "అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం" అని కట్టుబాటు పెట్టుకున్నారు, షిరకావాగోలోనూ అదే మాట. మీరు చూడబోయే ఇళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయంటే అందుకే.

మిగతా కాలాల గురించి రెండు ముక్కలు. మే చివర నాట్లు, పొలాల్లో నీళ్ళు నిండి ఇళ్ళు తలకిందులుగా కనిపిస్తాయి, నాకు నవంబరు తర్వాత అదే ఇష్టం. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా మాత్రం దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది, రావద్దు. జూన్ నడిమి నుంచి ఓ నెల ముసురు. ఆగస్టులో పగలు మన ఎండే. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆ వైపు వెళ్తే మిబొరొ డ్యామ్ గట్టున రెండు ముసలి చెర్రీ చెట్లు ఉంటాయి. డ్యామ్‌లో ఊళ్ళు మునుగుతాయని 1960లో వాటిని వేళ్ళతో సహా పెకలించి పైకి తెచ్చి నాటారు. అప్పటికే నాలుగు వందల ఏళ్ళ పైబడిన చెట్లు. ఇప్పటికీ పూస్తున్నాయి. ఊరు పోయిన ముసలివాళ్ళు వాటి కింద కూర్చోవడానికి వచ్చేవాళ్ళని ఇక్కడ చెప్పుకుంటారు.

అసలు సమస్య తిండి. ఇక్కడ శాకాహారం అంటే మాంసం ముక్క కనిపించకపోవడం, అంతే. చారు, సోబా నూడుల్స్ పులుసు, ఉడికించిన కూర, చివరికి పాలకూర మీద చల్లిన పొడి, అన్నిట్లో దషి ఉంటుంది, అంటే ఎండబెట్టిన బొనిటో చేప రసం. "నో మీట్, నో ఫిష్" అంటే చిరునవ్వుతో తలూపి చేప రసం పోసిన చారు తెచ్చి పెడతారు. వాళ్ళ లెక్కలో అది చేప కాదు. కాబట్టి జపనీస్ లిపిలో "మాంసం, చేప, చేప దషి తినం. కొంబు (సముద్రపు నాచు) దషి, పుట్టగొడుగుల దషి పరవాలేదు. గుడ్డు తింటాం లేదా తినం" అని స్పష్టంగా రాయించుకోండి, బుక్ చేసేటప్పుడే మెసేజ్‌లో పంపండి. ఆ రోజు సాయంత్రం చెప్తే వాళ్ళేమీ చేయలేరు, అక్కడ పక్క వీధిలో కూరగాయల కొట్టు ఉండదు. ముందే చెప్తే మాత్రం చాలా శ్రద్ధ పడతారు. మా అమ్మకి పెట్టినవి చెప్తాను. కొండల్లో ఏరిన ఆకుకూరలు, పుట్టగొడుగులు, కొత్త బియ్యపు అన్నం, గొకయామా తోఫు. ఆ తోఫు ఎంత గట్టిదంటే తాడు కట్టి మోసుకెళ్ళొచ్చు అని వాళ్ళే అంటారు, మన పనీర్ అనుకోవచ్చు. ఎండిన మగ్నోలియా ఆకు మీద మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పెట్టి బొగ్గుల మీద కాల్చే హోబా మిసో, అందులో మాంసం కలపొద్దని చెప్పాలి. దారిలో గోహె మోచి దొరుకుతుంది, అన్నం ముద్దని పుల్లకి గుచ్చి, అక్రోట్లు, నువ్వులు, మిసో పూసి కాలుస్తారు. ఆ పూతలో ఏముందో ఒకసారి అడగండి. అయినా కందిపొడి, ఆవకాయ చిన్న డబ్బాలు సంచిలో వేసుకోండి. మా అమ్మ ఆవకాయ ఆ మామ్మకి రుచి చూపించింది. ఆవిడ ఒక మెతుకు అద్దుకొని తిని, లేచి వెళ్ళి, తన ఊరగాయ జాడీ తెచ్చి ముందు పెట్టింది. ఎర్ర ముల్లంగి, ఉప్పులో ఊరింది, దానికి దషి లేదు. అమ్మ ఆ పూట అన్నం దాంతోనే తింది.

డబ్బు నోట్లు ఉంచుకోండి, చాలా మిన్షుకుల్లో కార్డు తీసుకోరు. కనజావాలోనే సెవెన్-ఎలెవెన్ ఏటీఎంలో తీసుకోండి. డ్రోన్ గురించి అడిగారు, అది ఇంట్లో పెట్టి రండి, అక్కడ ఎగరేయనివ్వరు. ఇళ్ళల్లో మనుషులుంటారు, కిటికీలోంచి ఫోన్ పెట్టి ఫోటో తీయకుండా బాబుకి ముందే చెప్పండి. చూడటానికి తెరిచిన ఇళ్ళు వేరే ఉన్నాయి, టికెట్ తీసుకొని వాదా ఇంట్లోకి వెళ్ళండి, ఊళ్ళో అన్నిటికన్నా పెద్దది. వాసాల మొనలు చూడాలంటే అటక దాకా ఎక్కాలి, మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మగారిని కింద పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మీరు ఎక్కిరండి.

తేదీలు ఖాయమయ్యాక చెప్పండి, మిన్షుకుకి పంపాల్సిన మెసేజ్ జపనీస్‌లో రాసిస్తాను. అమ్మగారు గుడ్డు తింటారో లేదో మాత్రం అప్పుడు మర్చిపోకుండా చెప్పాలి.